ఎర్ర దారం సంచులు

రిటైరయ్యానని చెప్పుకోవడానికి నా వయసు సరిపోదు. నలభై ఆరు. కానీ పొలాల్లో ప్రయోగాలు పెట్టే ఉద్యోగం నుంచి పూర్తిగా బయటికి వచ్చేశాను. ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. చివరి సంవత్సరం విద్యార్థులు విత్తన సంస్థల్లో చేరేముందు నా దగ్గరికి వచ్చి, అక్కడ ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో అడుగుతుంటారు. ప్రతిదానికీ జాబితా రాసే మనిషినని పేరుంది కాబట్టి, దీనికీ ఒకటి ఉంటుందని వాళ్ళ ఆశ. జాబితా ఉండేది. పదకొండు అంశాలు. దాన్ని మీకు ఎందుకు ఇవ్వడం లేదో చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నందిగామలో ఒక అద్దె ఇంటి మేడ మీద రెండు గదులు మా ల్యాబ్. సంస్థ చిన్నది, మనుషులం ముగ్గురం. మా సార్ పిండిపదార్థాల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. మాట తక్కువ, రాత ఎక్కువ. ఏది రాసినా 'ఉండవచ్చు', 'అనిపిస్తోంది', 'అవకాశం ఉంది' అని రాసేవారు. రెండో మనిషి ల్యాబ్ అసిస్టెంట్. కంచికచర్ల నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను 'డిగ్రీగారూ' అని పిలిచేవాడు. మూడో మనిషిని నేను.

మేం చేస్తున్న పనిని వీలైనంత తేలిగ్గా చెబుతాను. మొక్కజొన్న గింజలోని పిండిపదార్థం రెండు రకాలు. ఒకటి కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటుంది. రెండోది కొమ్మల్లేని పొడవాటి దారంలా ఉండి, మెలిపడి గట్టిగా బిగుసుకుంటుంది. బూజుకి మొదటిది సులువు. ప్రతి కొమ్మ చివరా కొరుక్కుంటూ పోయి చక్కెర చేసుకుంటుంది. ఆ చక్కెర దొరికినకొద్దీ అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. ఆ విషానికి రంగు కనపడదు, వాసన ఉండదు, ఉడకబెట్టినా పోదు. మనిషిదైనా కోడిదైనా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రెండో రకం పిండిపదార్థం ఎక్కువుండే మొక్కజొన్నను తయారుచేస్తే, బూజు పట్టినా దానికి తిండి దొరకక విషం చెయ్యలేదన్నది మా సార్ ఆలోచన. ఆ గింజ కోసం ఆయన ఆరేళ్ళుగా మొక్కలను ఏరుతూ, కలుపుతూ వచ్చారు. నేను చేరేనాటికి గింజ తయారైంది. దాన్ని పొలంలో పరీక్షించడం నా పని.

పరీక్ష పద్ధతి ఇది. జగ్గయ్యపేట అవతల, వేదాద్రి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో చిన్న పొలం చెక్క కౌలుకి తీసుకున్నాం. పక్కపక్కనే కొత్త రకం, మామూలు రకం వేశాం. కండె పాలు పోసుకునే దశలో, బూజు కలిపిన నీళ్ళలో ముంచిన సూదితో కూలీల చేత ప్రతి కండెనూ గుచ్చించాం. అంటే రెండు రకాలకూ మేమే జబ్బు అంటించాం. కోత అయ్యాక గింజ ఒలిచి, సంచుల్లో కట్టి నందిగామ తెస్తే, ఎందులో ఎంత విషముందో చూస్తాం.

కూలీల ముఠాకి పెద్ద ఒక యాభై ఏళ్ళ ఆవిడ. ఆవిడ లేకపోతే ఆ చెక్కలో ఆకు కదలదు. మొదటి కోత రోజున నేను పదకొండు అంశాల కాగితం చూసి ఒక్కో అంశం చదివి చెప్పాను. కొత్త రకం సంచులకి ఎర్ర దారం కట్టాలి, మామూలు రకానికి తెల్ల దారం. నంబర్లు వెయ్యకుండా రంగులెందుకు పెట్టానంటే, వాళ్ళకి చదువు రాదు కదా అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

"ఎర్ర దారం సంచులు జాగ్రత్తమ్మా. ముఖ్యమైనవి అవే. తెల్ల దారంవి మామూలువి."

"అట్టాగే సారూ. మాకప్పజెప్పారుగా, ఇంక మీరెళ్ళి ఆ చెట్టు కింద కూర్చోండి," అంది ఆవిడ. మిగతావాళ్ళు నవ్వారు.

చెట్టు కింద కూడా కూర్చోలేదు నేను. నందిగామ దగ్గర ఇంకో చెక్కలో పని ఉందని బస్సెక్కి వెళ్ళిపోయాను. సాయంత్రం ట్రాక్టరు మీద సంచులు వచ్చాయి. లెక్క సరిపోయింది. పదకొండు అంశాలకీ పక్కన టిక్కు పెట్టాను.

ఫలితం చూసినప్పుడు ల్యాబ్ అసిస్టెంట్ రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు. గింజ నుంచి తీసిన రసాన్ని ఒక పలక మీద చుక్కగా పెట్టి, పైకి పాకనిచ్చి, అతినీలలోహిత దీపం కింద చూస్తే విషం ఉన్నచోట నీలంగా మెరుస్తుంది. తెల్ల దారం సంచుల చుక్కలు వరసగా మెరిశాయి. ఎర్ర దారం సంచుల చుక్కలు దాదాపు కనపడలేదు.

"డిగ్రీగారూ, ఇంత శుభ్రంగా వస్తే నాకెందుకో భయమేస్తుందండి," అన్నాడతను.

నేను నవ్వేశాను. సార్ నవ్వలేదుగానీ, ఆ రోజు ముగ్గురికీ ఆయనే కింద హోటల్ నుంచి పెసరట్లు తెప్పించారు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద సంబరం నేను చూడలేదు.

ఆ తర్వాతి ఖరీఫ్‌లో రెండు పనులు మొదలుపెట్టాం. ఒకటి, అదే చెక్కలో అదే పరీక్ష మళ్ళీ. రెండు, పక్క ఊళ్ళో ఒక రైతుకి విత్తనం ఇచ్చి రెండెకరాల్లో ప్రదర్శన పంట. విత్తనం ఇచ్చిన రోజు పాతికమంది రైతులు వచ్చారు. సార్ రాసిచ్చిన కాగితంలో 'బూజు విషం పట్టే అవకాశం బాగా తక్కువ కావచ్చు' అని ఉంది. నిలబడి మాట్లాడింది నేను. ఎండగా ఉంది, జనం లేచి వెళ్ళేలా ఉన్నారు.

"ఈ గింజకి బూజు విషం పట్టదు," అన్నాను.

వెళ్ళబోతున్నవాళ్ళు ఆగారు. నాకు గర్వంగా అనిపించింది.

అక్టోబరులో పరీక్ష చెక్క కోత ముందు అయిపోయింది. సంచులు నందిగామ చేరాయి. పదిరోజుల తర్వాత చెక్క ఖాళీ చేసి అప్పగించడానికి నేను ఆ ఊరు వెళ్ళాను. ముసురు పట్టి ఉంది. ముఠా పెద్దావిడ ఇంటి ముందు ఆగితే కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. పలకరింపుగా, ఏమ్మా ఎలా ఉన్నారు అన్నాను.

"ఏం చెప్పను సారూ. కోళ్ళకి తెగులొచ్చింది. పన్నెండు పోయినయ్. మూలకి ముడుచుకు కూర్చోడం, తలకాయ వేలాడెయ్యడం. ఊళ్ళో ఎవురి కోళ్ళకీ లేదు, మా ఇంటికే వచ్చింది చూడు."

"మందేమైనా వేశారా?"

"ఏసాం. ఏం లాభం. రెండిటిని పోయేలోపల కోసేసాం, వండుకుందామని. కార్జం చూస్తే పసుప్పచ్చగా పిండి ముద్దలా ఉంది. చూస్తేనే వికారం పుట్టి మొత్తం పారబోసాం."

కార్జం పసుపుపచ్చగా ఉందన్న మాట దగ్గర నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఆగిపోయింది. మా పాఠ్యపుస్తకంలో అఫ్లాటాక్సిన్ దెబ్బతీసిన కాలేయం బొమ్మ అలాగే ఉంటుంది.

"కోళ్ళకి ఏం పెట్టారమ్మా?"

"ఏముంది, మీ చెక్కలో తాలు గింజలే."

"మా చెక్కలో తాలు ఎక్కడిది? ఒలిచింది ఒలిచినట్టు సంచుల్లో కట్టారు కదా."

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "ఒలిచింది ఒలిచినట్టు ఎవురన్నా కడతారా సారూ? ముఖ్యమైనవన్నావు. చాటల్లో పోసుకుని, నలుగురం కూర్చుని, పెళ్ళివారి బియ్యం ఏరినట్టు ఏరాం. నల్ల గింజ, పచ్చ గింజ, పుచ్చు గింజ ఒక్కటి లేకుండా. పోయిన పంటకీ అట్టాగే ఏరాం. అప్పుడు తీసిందంతా వాగులో పోసాం. ఈసారి ఎక్కువుంది గదా, ఎందుకు పారెయ్యాలని కోళ్ళకేసా."

అడగవలసిన చివరి ప్రశ్న అడిగాను.

"అన్ని సంచులూ ఏరారా?"

"ఎర్రవి. తెల్లవి మామూలువే అన్నావుగా, అట్టాగే కట్టేసాం."

ఆవిడ ముఖంలో చేసిన పనికి మెప్పు కోసం చూసే వెలుగు ఇంకా ఉంది. మా మొదటి ఫలితం, పెసరట్లు తిన్న సంబరం, ఎండలో నేను పాతికమంది ముందు అన్న మాట, అన్నీ ఆ చాటలోనుంచి వచ్చినవే. బూజుని ఆపింది పిండిపదార్థం కాదు, నలుగురు ఆడవాళ్ళ వేళ్ళు. వాళ్ళ వేళ్ళని ఎర్ర దారం సంచుల వైపు తిప్పింది నేను.

"నంబర్లు వేసుంటే బాగుండేది," అన్నాను, ఆవిడతో కాదు.

"ఏసుంటే పోయేది. అంకెలు రావని ఎవురన్నారు? బస్సు నంబరు చూసే గదా ఎక్కుతాం."

ఏరి పక్కన పెట్టిన గింజలు ఇంకా ఒక డబ్బాలో మిగిలి ఉన్నాయి. ఆ డబ్బా తీసుకున్నాను. మిగిలిన కోళ్ళకి వేయవద్దని, చేతులు కడుక్కోమని, ఆ కోళ్ళు తెగులుతో పోలేదని చెప్పాను. ఆవిడ నా చేతిలోని డబ్బా వైపు చూసింది. తర్వాత, "నువ్వే అంటించావా ఆ జబ్బు, సూదులేసి?" అంది. అవునన్నాను. "ముందే ఒక్క మాట చెప్తే ఏం పోయింది సారూ," అంది. కోపంగా కూడా అనలేదు. సూదులు గుచ్చింది వాళ్ళ చేతులతోనే, ఆ నీళ్ళలో ఏముందో వాళ్ళకి చెప్పాలన్నది నా పదకొండు అంశాల్లో లేదు.

ఆ సాయంత్రమే డబ్బాలో గింజల్ని పరీక్షించాం. దీపం కింద ల్యాబ్ అసిస్టెంట్ పలక పెట్టాడు. మా తెల్ల దారం సంచుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా మెరిసింది. కొత్త రకం గింజలో విషం నిక్షేపంగా పెరుగుతుంది. మేం చూడనిది వేరుగా డబ్బాలో ఉంది, అంతే.

సార్‌కి జరిగింది మొత్తం చెప్పాను. దారాల దగ్గర నుంచి కార్జం దాకా, వరసగా. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"రైతులు కూడా ఏరుకుంటారుగా మామూలుగా," అన్నారు కాసేపటికి. ఆ మాట ఆయనకే నచ్చలేదని గొంతు చెప్పింది. ఇంకాసేపటికి ఆయన ఉన్నట్టుండి తల పైకెత్తారు.

"ఆ రెండెకరాల రైతు పంట కోశాడా?"

నేను ఆ రైతును పూర్తిగా మరిచిపోయాను. వారం రోజుల ముసురు, కోతకొచ్చిన పంట, బూజు పట్టదని నేను చెప్పిన గింజ. మూడూ ఒకేసారి తలలోకి వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే తొలి బస్సులో ఇద్దరం బయల్దేరాం. సార్ చేతిసంచిలో దీపం, ఆఫీసు కాగితాలు, ముద్ర పెట్టుకున్నారు. రైతు కళ్ళంలోకి వెళ్ళేసరికి లారీ వచ్చి నిలబడి ఉంది. ఒలిచిన గింజ కొంత సంచుల్లోకి ఎక్కింది, మిగతా కండెలు పట్టా కింద పెద్ద కుప్ప. కోళ్ళ దాణా చేసే మిల్లుకి పోతుందట.

"రండి సార్, రండి. మీ పంట చూడండి," అన్నాడు రైతు. నలభై ఏళ్ళుంటాయి, హుషారు మనిషి. "పక్కోళ్ళందరూ వానలో తడిసిందని ఆరబెట్టుకోలేక చస్తున్నారు. నేను కోసింది కోసినట్టు కుప్పేసి పట్టా కప్పా. మన గింజకి బూజు విషం పట్టదు గదా."

నా మాటే అది, అక్షరం పొల్లుపోకుండా.

సార్ విషయం చెప్పారు. పరీక్షలో పొరపాటు జరిగిందని, ఈ సరుకు బయటికి పోకూడదని. రైతు మొదట నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అప్పుడు నువ్వొచ్చి, కనపడని విషం ఉందయ్యా, మా గింజలో అది లేదన్నావు. ఇప్పుడొచ్చి ఉందంటున్నావు. నాకు అప్పుడూ ఏం కనపళ్ళా, ఇప్పుడూ ఏం కనపళ్ళా. దేన్ని నమ్మమంటావు?"

"చూపిస్తామండి," అని సార్ దీపం బయటికి తీశారు. బూజు బాగా పట్టిన గింజను విరిచి దాని కింద పెడితే రసం తియ్యకుండానే కొంత మెరుస్తుంది. చీకటి గది ఒకటి కావాలన్నారు.

"దానికి కరెంటు కావాలా? ఇంకెక్కడి కరెంటు. మధ్యాహ్నం దాకా రాదు. లారీ అప్పటిదాకా ఉండదు," అన్నాడు రైతు.

దీపం సార్ చేతిలో అలాగే ఉండిపోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. రైతు ఆలోచించాడు. అతను చెడ్డవాడు కాదు. ఇరుక్కుపోయినవాడు.

"సరుకు పంపిస్తానని కమీషన్ కొట్టాయనకి మాటిచ్చా. ఊరికే ఆపితే మళ్ళీ నా గింజ ముట్టుకోడు. మీ ఆఫీసు కాగితం మీద రాసివ్వండి. ఫలానా గింజ, ఇందులో విషం ఉంది, మేమే ఆపమన్నాం అని. ఆ కాగితం ఆయనకి చూపిస్తా. లారీ వెనక్కి పంపిస్తా."

ఆ కాగితం ఎక్కడెక్కడికి పోతుందో నాకు తెలుసు, సార్‌కి ఇంకా బాగా తెలుసు. కమీషన్ కొట్టు నుంచి మిల్లుకి, మిల్లు నుంచి ప్రతి విత్తనం దుకాణానికీ, ఒక్క వారంలో మా సంస్థ పెద్దల బల్ల మీదికి. ఆరేళ్ళ గింజ అక్కడితో సరి. సార్ నా చేతిలోని రాసుకునే అట్ట తీసుకుని, సంస్థ కాగితం ఒకటి దాని మీద పెట్టి, నిలబడే రాయడం మొదలుపెట్టారు. రాసి రైతుకి ఇచ్చారు. రైతు పెదాలు కదుపుతూ చదివాడు.

"'విషం ఉండవచ్చు' అన్నారు. అట్టా రాస్తే ఆయన 'ఉండకపోవచ్చు' అని చదువుకుని సరుకు దించుకుంటాడు. ఉందని రాయండి."

"పరీక్ష చెయ్యకుండా ఉందని రాయకూడదండి," అన్నారు సార్.

"మరి పరీక్ష చేసే గదా లేదని చెప్పించారు."

సార్ ముఖం పాలిపోయింది. నాకు చెయ్యడానికి ఇంకేమీ తోచక పట్టా ఎత్తి కుప్పలోకి చెయ్యి పెట్టాను. పైన కండెలు చల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. మోచేతి దాకా పోయేసరికి కుప్ప లోపల వేడిగా ఉంది, జ్వరం వచ్చిన ఒంటిని ముట్టుకున్నట్టు. ఒక కండె లాగి విరిచాను. గింజల వరసల మధ్య నుంచి ఆకుపచ్చ పొడి లేచి నా చొక్కా మీద పడింది.

"సార్, మీరు కూడా చెయ్యి పెట్టి చూడండి," అన్నాను.

ఆయన పూర్తి చేతుల చొక్కా మడత కూడా పెట్టుకోకుండా వంగి, చెయ్యి లోపలికి పెట్టారు. చాలాసేపు తియ్యలేదు. తీశాక తుడుచుకోకుండానే కాగితం వెనక్కి తీసుకున్నారు. 'ఉండవచ్చు' కొట్టేసి 'ఉంది' అని రాశారు. పక్కన పొట్టి సంతకం, కింద పూర్తి సంతకం, ఆఫీసు ముద్ర. దాని కింద, పరీక్ష తప్పుగా చేయించింది నేనేనని ఒక వాక్యం రాసి నేనూ సంతకం పెట్టాను. ఎవరూ నన్ను అడగలేదు.

సంచులు దించారు. లారీ ఖాళీగా మలుపు తిరిగి వెళ్ళిపోయింది. రైతు కాగితం జేబులో పెట్టుకుని కుప్ప వైపు చూస్తూ నిలబడ్డాడు. రెండెకరాల పంట అది. గొయ్యి తవ్వి, సున్నం వేసి పూడ్చిపెట్టాలని సార్ చెప్పినప్పుడు, "ఎక్కడ తవ్వమంటారు?" అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పంటకి నష్టపరిహారం ఇప్పించడానికి సార్ తర్వాత చాలా ఉత్తరాలు రాశారు. కొంతే వచ్చింది.

తిరుగు బస్సులో, పరీక్ష కోసం కుప్పలోంచి తీసిన ఒక సంచి కండెలు మా కాళ్ళ దగ్గర ఉన్నాయి. అనుమంచిపల్లి దాటాక అడిగాను.

"సార్, ఇవి పరీక్ష చేస్తే లేదని వస్తే?"

బూజు ఉన్నంత మాత్రాన విషం ఉండాలని లేదు. ఆ సంగతి ఆయనకి నేను చెప్పనక్కర్లేదు.

"వస్తే, ఒక రైతు పంట అన్యాయంగా పూడ్పించిన వాణ్ణవుతాను," అన్నారు. "ఆరేళ్ళ పనిని చేజేతులా చంపుకున్న వాణ్ణి కూడా అవుతాను. లారీ ఆగి ఉంటే ముందు పరీక్ష చేసేవాణ్ణి. ఆగలేదుగా."

ఆ తర్వాత నెలలోపే సంస్థ మా ల్యాబ్ మూసేసింది. సార్‌ని గోడౌను పనికి వేశారు, ఆయన ఆ పనిలో చేరలేదు. నన్ను రావద్దన్నారు. ల్యాబ్ అసిస్టెంట్ కంచికచర్లలో పురుగుమందుల దుకాణం పెట్టుకున్నాడు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు మేం నందిగామ మేడ ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది, కరెంటు ఉంది. కండెలు ఒలిచాం. ఈసారి ఏరలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు, సంచికి దారం కట్టలేదు. పిండి చేసి, రసం తీసి, పలక మీద చుక్కలు పెట్టాం. అవి పైకి పాకేదాకా ముగ్గురం పలకనే చూస్తూ కూర్చున్నాం. ల్యాబ్ అసిస్టెంట్ కిటికీలు మూశాడు. నేను దీపం మీట నొక్కాను.

చుక్కలన్నీ నీలంగా వెలిగాయి.

ఆ రంగు కనపడకూడదని ఆరేళ్ళు పనిచేసిన మనిషి, దాన్ని చూసి కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మయ్య" అన్నారు.